మోటారు ఎత్తే ముందు స్టార్టర్ డబ్బా తెరవండి



ఈ వారం వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. మా బోరు కాడ స్టార్టర్ డబ్బా తెరిచి, చేతిలో టాంగ్ టెస్టర్ పట్టుకొని అర్ధగంట మాట్లాడాను. "ప్రకృతి వ్యవసాయం వీడియోల్లో మోటారు మెకానిక్ పని ఏందన్నా?" అని కొందరు అడుగుతారని తెలుసు. వీడియోలో చేసి చూపించాను. ఎందుకు చేశానో ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ఒక్కటే. మన పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ, ప్రకృతి సేద్యం చేసే రైతును మళ్లీ అప్పులోకి లాగేది పురుగు కాదు, తెగులు కాదు. బోరు మోటారు. యూరియా మానేసి, పురుగుమందు మానేసి ఏడాదంతా మిగిల్చిన డబ్బు ఒక్క రీవైండింగ్‌కు పోతోంది. అందులో చాలా మోటార్లు కాలిపోవాల్సిన పనే లేదు. డబ్బా తెరిచి చూసే అలవాటు లేక కాల్చుకుంటున్నాం.

మా ఇంట్లో జరిగింది

2023 జూన్ మొదటి వారం. ఎకరంన్నర టమాటా, మంచి పూత మీద ఉంది. ఒకరోజు పొద్దున కరెంటు వచ్చింది. మోటారు గుయ్‌మని మూలిగి ట్రిప్ అయింది. మా నాయన మళ్లీ ఒత్తినాడు. మళ్లీ ట్రిప్. మూడోసారికి ఆయన రిలే మర తిప్పి ఆంప్స్ పెంచేసినాడు. మన ఊళ్లల్లో అందరూ చేసే పనే అది. ఈసారి ట్రిప్ కాలేదు. పది నిమిషాలు మూలిగి, ఆ తర్వాత మూలుగు కూడా ఆగిపోయింది.

850 అడుగుల నుంచి ఎత్తాలి. ఎండాకాలం చివర, ఎత్తే మనుషులకు చేతినిండా పని. వైండింగ్ షాపులో మా కంటే ముందు వరసలో తొమ్మిది మోటార్లు. మొత్తం పదమూడు రోజులు పట్టింది. ఎత్తడం, చుట్టించడం, కేబుల్ జాయింట్లు, దించడం, కూలీ అన్నీ కలిపి 31 వేలు అయింది.

మోటారు దించి స్విచ్ ఒత్తితే మళ్లీ అదే మూలుగు.

అప్పుడు ఆపేసి, మొదటిసారి నేనే దగ్గరుండి మెయిన్ ఆఫ్ చేయించి, ఫ్యూజు కటౌట్లు ఒక్కొక్కటీ పీకి చూశాను. మధ్య ఫేజు కటౌట్‌లో ఇత్తడి కాంటాక్టు నల్లగా మాడిపోయి, పిడి లోపలే వదులైపోయి ఉంది. కటౌట్ మార్చడానికి రెండు వందల లోపు ఖర్చయింది. మోటారు గిర్రున తిరిగింది.

అప్పటికే పూత రాలిపోయింది. ఆ జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. అందరికీ గుర్తుండే ఉంటుంది. మా తోటలో కాయ లేదు. ఆ నెలంతా మా నాయన మార్కెట్ వైపు పోలేదు, టీవీలో టమాటా వార్త వస్తే లేచి బయటికి పోయేవాడు.

ఇందులో తప్పు మా నాయనది మాత్రమే కాదు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినోణ్ణి. పంపుసెట్ల పాఠం చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఇంటి కాడ డబ్బా మాత్రం తెరవలేదు. "అది మెకానిక్ పని" అనుకున్నాను. వచ్చిన మెకానిక్ కూడా తెరవలేదు. ఆయన్ను తిట్టడం లేదు. ఎండాకాలంలో రోజుకు పది ఫోన్లు వస్తాయి ఆయనకు. మనం "ఎత్తు" అన్నాం, ఎత్తినాడు. ఎత్తడానికే కదా మనం డబ్బులిచ్చేది, చూడడానికి కాదు.

పైనుంచి కిందికి చూసుకుంటూ పోవాలి

మోటారు పని చేయకపోతే చూడాల్సిన వరస ఇది. స్తంభం, ఫ్యూజు, స్టార్టర్, కేబుల్, చివరగా మోటారు. మనం చివరిదాన్ని మొదట చూస్తాం. ఎందుకంటే అది కనపడదు, కాబట్టి తప్పంతా దానిదే అనుకుంటాం.

మొదట వోల్టేజి. మూడు ఫేజుల మధ్య మూడు రీడింగులు తీసుకోండి. ఉండాల్సింది 415 వోల్టులు. 350 కంటే తగ్గితే ఆ రోజుకు మోటారు వేయకండి. నీళ్లు రేపు పెట్టుకోవచ్చు. ఒక జత దగ్గర రీడింగు బాగా పడిపోతే ఒక ఫేజు బలహీనంగా ఉందని అర్థం. అది స్తంభం కాడా, ట్రాన్స్‌ఫార్మర్ కాడా అనేది లైన్‌మన్ చూడాలి. 1912కు ఫోన్ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కకండి, కర్రతో ఫ్యూజు తగిలించకండి.

రెండోది ఫ్యూజులు, స్టార్టర్. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకొని, అప్పుడు తెరవండి. కాంటాక్టులు నల్లబడ్డాయా? స్క్రూలు వదులయ్యాయా? వైరు తొడుగు రంగు మారిందా? చీమల పుట్ట ఉందా? బల్లి ఇరుక్కుని మాడిపోయిందా? నవ్వకండి, నేను చూసిన స్టార్టర్లలో బల్లి, చీమలు చేసిన రిపేర్లు తక్కువేం లేవు. డబ్బాలో వేపాకు పెడితే రావు అంటారు. నాకు నమ్మకం లేదు. కేబుల్ వచ్చే కంత చుట్టూ గట్టిగా మూసేయండి, అదే మందు.

మూడోది సింగిల్ ఫేజు ప్రివెంటర్. ఒక ఫేజు పోతే మిగతా రెండింటి మీద మోటారు బయలుదేరలేదు, మూలుగుతూ మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. నిమిషాల్లో వైండింగ్ మాడుతుంది. దాన్ని ఆపడానికే ఆ చిన్న పెట్టె. చాలా స్టార్టర్లలో అది ఉంటుంది, కానీ వైర్లు తీసేసి నేరుగా కలిపేసి ఉంటారు, "మాటిమాటికీ ఆపేస్తోంది" అని. అది ఊరికే ఆపడం లేదు. లైన్లో ఏదో తప్పు ఉందని చెబుతోంది. మా ఇంట్లో కూడా అది బైపాస్ చేసే ఉండింది.

ఆంప్స్ చూస్తే మోటారు కతంతా తెలుస్తుంది

టాంగ్ టెస్టర్ అంటే వైరు చుట్టూ నోరు తెరిచి పట్టుకునే మీటరు. నేను కొన్నది రెండు వేల లోపే. రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే అది ఒక లెక్కే కాదు. మోటారు నడుస్తున్నప్పుడు మూడు వైర్ల ఆంప్స్ చూడాలి. నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంప్స్ దాటకూడదు. సుమారుగా చెప్పాలంటే 5 హెచ్‌పీకి 8 ఆంప్స్, 7.5 హెచ్‌పీకి 12, 13 ఆంప్స్. ఖచ్చితమైన లెక్క మాత్రం మీ నేమ్‌ప్లేటే. మోటారు దించే ముందు దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. 800 అడుగుల కింద ఉన్న ప్లేటును తర్వాత చదవలేం.

ఆంప్స్ ఎక్కువగా ఉంటే: వోల్టేజి తక్కువైనా ఉండాలి, ఇసుక పట్టి పంపు బిగుసుకున్నా ఉండాలి, లేదా బుష్‌లు అరిగి ఉండాలి.

ఆంప్స్ బాగా తక్కువగా ఉండి నీళ్లు రాకపోతే: పంపు ఖాళీగా తిరుగుతోంది. బోరులో నీళ్లు దిగిపోయాయి, లేదా మోటారుకు పంపుకు మధ్య కప్లింగ్ తెగింది. గ్యాపు ఇచ్చి ఇచ్చి పోస్తుంటే నీళ్లు తగ్గినట్టే. అది మోటారు జబ్బు కాదు, బోరు జబ్బు. మోటారు ఎత్తి చుట్టించినా ఏం లాభం లేదు.

ఆంప్స్ మామూలుగా ఉండి నీళ్లు తగ్గితే: పైపుకు చిల్లు, జాయింటు లీకు, లేదా ఇంపెల్లర్ల అరుగుదల. మోటారు ఆపాక బోరు మూతికి చెవి పెట్టి వినండి. పైపులో నీళ్లు కిందికి జారిపోయే చప్పుడు వస్తే నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదు, లేదంటే పైపు కారుతోంది.

లైను పని జరిగాక, లేదా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక, ఉన్నట్టుండి నీళ్లు సగానికి పడిపోయాయా? ముందు తిరిగే దిక్కు అనుమానించండి. ఫేజు వరస మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది. కరెంటు ఆపి ఏవైనా రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. దీనికి కూడా మోటారు ఎత్తించిన వాళ్లున్నారు మా పక్క ఊళ్లో.

ఇంకో పరీక్ష చెప్తాను. నాకు అన్నింటికంటే పనికొచ్చింది ఇదే. మూడు వైర్లలో ఆంప్స్ సమానంగా లేవనుకోండి. ఉదాహరణకు 12, 12.4, 13.4. సగటు 12.6. సగటుకు ఎక్కువ దూరంలో ఉన్నది 13.4, తేడా 0.8. అంటే 6 శాతం పైనే. 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 దాటితే నడపకూడదు. ఇప్పుడు తప్పు లైనుదా, మోటారుదా? మెయిన్ ఆపి, మోటారు వైర్లు మూడింటినీ ఒక్కో స్థానం జరపండి. ఎరుపు ఫేజు మీదున్న వైరును పసుపు మీదికి, పసుపుది నీలం మీదికి, నీలంది ఎరుపు మీదికి. ఇట్లా జరిపితే తిరిగే దిక్కు మారదు. మళ్లీ నడిపి చూడండి. ఎక్కువ ఆంప్స్ అదే ఫేజు మీద ఉండిపోతే తప్పు లైనుది, లైన్‌మన్‌ను పిలవండి. ఎక్కువ ఆంప్స్ వైరుతో పాటు జరిగితే తప్పు కేబుల్‌దో మోటారుదో. అప్పుడు మెగ్గర్ పెట్టించండి. భూమికి వైరుకు మధ్య 1 మెగాఓమ్ కంటే తగ్గితే అప్పుడు ఎత్తించండి. వైర్లు జరపడానికి పది నిమిషాలు పడుతుంది. వీడియోలో ఇది మొత్తం ఆపకుండా తీశాను, రెండుసార్లు చూడండి.

కేబుల్ కాడ పిసినారితనం

బోరు వేసినప్పుడు అప్పులు అయిపోయి ఉంటాయి, కాబట్టి కేబుల్ దగ్గర మిగులుద్దామని చూస్తాం. లెక్క చూడండి. 850 అడుగులు అంటే 260 మీటర్లు. 7.5 హెచ్‌పీ మోటారు 12 ఆంప్స్ లాగుతోంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే దారిలోనే సుమారు 40 వోల్టులు పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లు వేస్తే 17 దాకా. స్టార్టర్ కాడ 380 చూపిస్తుంటే మనం బాగుందనుకుంటాం, కింద మోటారుకు అందేది 340. అది రోజూ 9 గంటలు వేడెక్కుతూ, ఒకనాడు కాలిపోతుంది. అప్పుడు కంపెనీని తిడతాం.

ఆటో స్టార్టర్: అందరం కలిసి తవ్వుకునే గొయ్యి

ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. తెప్పించనీ.

కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రాత్రిపూట పాములకు భయపడి తిరిగే రోజుల్లో ఆటో పెట్టుకున్నామంటే అర్థం ఉంది. ఇప్పుడు పగలు 9 గంటలు ఇస్తున్నారు. అయినా డబ్బాలో ఆటో అట్లనే ఉంది. కరెంటు వచ్చిన సెకనులో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి.

మాది 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఆరు మోటార్లు. అది ఇవ్వగలిగేది సుమారు 88 ఆంప్స్. ఆరు మోటార్లు నడిచేటప్పుడు 75 దాకా లాగుతాయి, ఇబ్బంది లేదు. కానీ డైరెక్టుగా లేచేటప్పుడు ఒక్కో మోటారు ఐదారు రెట్లు లాగుతుంది. ఆరింటికీ కలిపి 360 పైమాటే. వోల్టేజి కుప్పకూలుతుంది, ఏ మోటారూ సరిగ్గా లేవలేదు, అన్నీ మూలుగుతాయి. దాంట్లో బలహీనమైన మోటారు ముందు కాలుతుంది, కొన్నాళ్లకు ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. అప్పుడు ఆరుగురికీ నీళ్లుండవు.

మేం ఆరుగురం కూర్చొని మాట్లాడుకున్నాం. ఆటో పూర్తిగా తీసేయలేనోళ్లు టైమర్ పెట్టుకోవాలి. మొదటాయనది ఒక నిమిషం తర్వాత, రెండో ఆయనది మూడు నిమిషాల తర్వాత, ఇట్లా రెండేసి నిమిషాలు ఎడం. ఒక పెద్దాయన, నాకు మామ వరస, ఒప్పుకోలేదు. "నా మోటారు ఎప్పుడు లేయాలో నువ్వెవుడురా చెప్పేదానికి" అన్నాడు. ఆ మాట కూడా నిజమే, నేనెవర్ని? ఆరు నెలల్లో ఆయన మోటారు రెండుసార్లు కాలింది. ఇప్పుడు ఆయన టైమరు ఐదో వరసలో ఉంది. ఆరో ఆయన ఇంకా పెట్టలేదు. పోయి అడుగుతూనే ఉన్నాం.

2004లో ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత ఏడాది ప్రభుత్వం ఐఎస్‌ఐ పంపుసెట్టు, కెపాసిటర్, మంచి పైపులు, రాపిడి లేని ఫుట్‌వాల్వు పెట్టుకోమని షరతులు పెట్టింది. సబ్‌మెర్సిబుల్‌కు ఫుట్‌వాల్వుతో పని లేదు, మిగతావి ఉంది. మనలో ఎంతమంది డబ్బాల్లో కెపాసిటర్ పని చేస్తోంది? బిల్లు రాదు కాబట్టి ఎవరూ చూసుకోరు. కరెంటు ఉచితమే. రీవైండింగ్ ఉచితం కాదు.

పెద్ద మోటారు ఆశ

పక్కాయన 10 హెచ్‌పీ వేస్తే మనం 12.5 వేస్తాం. బోరులో ఉన్న నీళ్లెన్నో చూడం.

జీవామృతం కలిపే 200 లీటర్ల డ్రమ్ము మన అందరి ఇళ్లల్లో ఉంది. దాన్ని డెలివరీ పైపు కింద పెట్టి, ఫోన్లో టైము చూడండి. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు నడిచాక. డ్రమ్ము నిండడానికి 200 సెకన్లు పడితే సెకనుకు 1 లీటరు, గంటకు 3,600 లీటర్లు. 9 గంటలకు 32,400. ఎకరాపై 1 మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. డ్రిప్పులో రోజుకు 4 మిల్లీమీటర్లు ఇచ్చినా ఎకరాకు 16,000. అంటే ఆ బోరు రెండెకరాలకు సరిపోతుంది. 800 అడుగుల నుంచి సెకనుకు ఒక లీటరు ఎత్తడానికి 7.5 హెచ్‌పీ చాలు. అక్కడ 12.5 పెడితే ఊరే నీళ్ల కంటే లాగే నీళ్లు ఎక్కువ. అరగంటలో బోరు ఎండి, పంపు గాలిలో తిరుగుతుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. మోటారును చల్లబరిచేది దాని పక్కనుంచి పైకి పోయే నీళ్లే. నీళ్లు పారకపోతే మోటారు బోరులో మునిగి ఉన్నా వేడెక్కుతుంది. జల మోటారు కంటే పైన ఉంటే నీళ్లు పైనుంచి నేరుగా పంపులోకి పోతాయి, మోటారును తాకవు. అట్లాంటి బోరులో మోటారు చుట్టూ పైపు తొడుగు వేయించాలి. బోరు వేసినప్పుడు ఏ అడుగు కాడ జల తగిలిందో రాసి పెట్టుకోమనేది ఇందుకే.

మన పుంగనూరు ఆవును చూడండి. చిన్నది, తక్కువ మేస్తుంది, మన ఎండకు, మన గడ్డికి తట్టుకుంటుంది, చిక్కటి పాలిస్తుంది. పెద్ద జాతి ఆవును తెచ్చి మేత లేక చంపుకున్న వాళ్లను చూశాం. మోటారు కూడా పుంగనూరు ఆవులా ఉండాలి. నేలలో ఎంత ఉంటే అంతకు తగ్గది.

మనకు మాత్రమే ఉన్న సమస్యలు, మనకు మాత్రమే ఉన్న లాభం

ప్రకృతి సేద్యం చేసేవాళ్లం జీవామృతాన్ని డ్రిప్పులో వదులుతాం. వెంచురీ పెట్టినప్పుడు బోరు వైపు నాన్ రిటర్న్ వాల్వు సరిగ్గా లేకపోతే, కరెంటు పోయిన క్షణంలో ఆ ద్రావణం వెనక్కి జారి బోరులోకి పోతుంది. పేడ, మూత్రం, బెల్లం కలిసిన నీళ్లు ఇంట్లో తాగే బోరులోకి! కింది వాల్వు ఒక్కదాన్నే నమ్మకండి, బోరు మూతి కాడ పైన ఇంకొకటి పెట్టండి. జీవామృతం వదిలాక అరగంట ఉత్త నీళ్లు వదలండి. డ్రిప్పు ఫిల్టరు మూసుకుపోతే నీళ్లు తగ్గుతాయి, మనం మోటారును అనుమానిస్తాం. ఫిల్టరు కడగడం కూడా మోటారు మరమ్మతే.

ఇక లాభం. ఆచ్ఛాదన బాగా వేసిన మా టమాటా కయ్యలో రోజు మార్చి రోజు నీళ్లు చాలు. పక్కన ఒట్టి నేల కయ్యకు రోజూ కావాలి. అంటే మోటారు సగం గంటలే తిరుగుతుంది. తక్కువ తిరిగిన మోటారు ఎక్కువ కాలం బతుకుతుంది, బోరులో నీళ్లు మిగులుతాయి. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పితే పడిన చినుకు అక్కడే దిగుతుంది. మల్చింగ్‌ను మనం నేల కోసం అనే చెబుతుంటాం. మోటారు కోసం కూడా అని చెప్పడం మొదలుపెట్టాలి. పక్కనున్న రసాయన రైతుకు జీవామృతం గురించి చెబితే వినడు. "నా మోటారు ఆరేళ్లుగా ఎత్తలేదు" అని చెబితే వింటాడు.

"హంద్రీ-నీవా వచ్చింది కదా, ఇంక బోర్లెందుకు" అనే మాట కూడా వింటున్నాను. 2025 ఆగస్టులో కృష్ణా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి, కళ్లారా చూశాం, సంతోషం. శ్రీశైలం నుంచి వచ్చిన ఆ నీళ్లు చెరువులు నింపితే బోర్లలో మట్టం పెరుగుతుంది. కానీ ఆ నీళ్లు చేనుకు ఎక్కించేది మళ్లీ మోటారే. నీళ్లు పైకొచ్చాయని పెద్ద మోటార్లు దించితే రెండేళ్లలో మళ్లీ మొదటికొస్తాం.

ప్రాణం ముందు, పంట తర్వాత

ఇది రాయకుండా ముగించలేను. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒకాయన, వాన పడిన సాయంత్రం, తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా తాకి పోయాడు. ఇనుప డబ్బా, ఎర్త్ లేదు. ఆయన కొడుకు నాతో చదివేవాడు. తర్వాత బడి మానేశాడు.

ఎర్త్ గుంతకు ఏమవుతుంది? గుంత తవ్వి, రాడ్డు పాతి, బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో వారానికొకసారి బిందెడు నీళ్లు పోయడమే. జీవామృతానికి రోజుకు రెండుసార్లు కర్ర తిప్పే ఓపిక ఉన్న మనకు ఇది బరువా? డబ్బా కింద చెక్క పలక వేయండి. రబ్బరు చెప్పులు లేకుండా తాకకండి. తడి చేతులు పెట్టకండి. పిల్లల్ని "పోయి మోటారు వేసి రా" అని పంపకండి. ఆంప్స్ చూసే పని మీకు కొత్త అయితే మొదటి రెండుసార్లు తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

నేను అడిగేది

చాలా ఊళ్లల్లో ప్రకృతి వ్యవసాయ సంఘాలున్నాయి. కషాయాల తయారీకి డ్రమ్ములు, జల్లెడలు కలిసి కొనుక్కుంటున్నాం. వాటితో పాటు ఒక టాంగ్ టెస్టర్, ఒక మెగ్గర్ కలిసి కొనండి. వాడడం తెలిసిన కుర్రోళ్లు ఇద్దరిని తయారు చేయండి. ఆడపిల్లలైనా సరే, మా ఊళ్లో ఇప్పుడు అందరికంటే బాగా రీడింగులు తీసేది సంఘంలోని ఒక అక్క. నెలకొకసారి ప్రతి బోరు కాడికి పోయి, వోల్టేజి, మూడు ఆంప్స్, డ్రమ్ము నిండిన సెకన్లు, ఈ ఐదు అంకెలు ఒక నోటు పుస్తకంలో రాయండి. అంకెలు నెలనెలా పక్కపక్కన పెట్టి చూస్తే మోటారు కాలిపోవడానికి నెల ముందే చాలాసార్లు తెలిసిపోతుంది. అప్పుడు పంట మధ్యలో కాకుండా, పంట అయిపోయాక తీరిగ్గా ఎత్తించుకోవచ్చు.

మా పుస్తకం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మొన్న మార్చిలో డ్రమ్ము నిండడానికి 190 సెకన్లు పట్టేది 240 అయింది. ఆంప్స్ మామూలే. పైపు లీకు అనుకున్నాం. టమాటా కోత అయ్యేదాకా ఆగి, ఎత్తితే మూడో పైపు జాయింటు కాడ చిల్లు. పైపు మార్చాం, మోటారును ఎవరూ ముట్టుకోలేదు. మా నాయన దగ్గరుండి చూశాడు, ఏం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆయనే డ్రమ్ము పైపు కింద పెట్టి, నా ఫోను చేతిలో పట్టుకొని సెకన్లు లెక్కపెడుతున్నాడు.

ఈ ఆదివారం మీ డబ్బా కూడా తెరవండి. ముందు మెయిన్ ఆపండి. ఏం కనపడిందో ఫోటో తీసి కింద పెట్టండి. బల్లి ఉన్నా సరే.